నేలనూతిలో సీతాకోకచిలుక

చిత్రభాను నామ సంవత్సరమున, వైశాఖ బహుళ పక్షమున, రోహిణీకార్తెకు రోళ్ళు పగులునను పెద్దల మాటను నిజము చేయుటకై సూర్యభగవానుడు నడుము బిగించిన దినములలో, ఒకానొక ఉదయమున, తూర్పు సముద్రము మీదినుండి కారుమబ్బులు మదపుటేనుగుల గుంపువలె బయలుదేరి, అక్కుపల్లి ఇసుకతిన్నెలు దాటి, ఉద్దానపు కొబ్బరితలల మీదికి వచ్చి నిలిచి, క్రింద మెడలెత్తి చూచుచున్న రైతులను ఒకపరి తేరిపార జూచి, ఇచ్చట కురియుటకు తగిన కారణమేమియు కానరాక, సోంపేట మార్గమున సాగిపోయెను. నాలుగు చినుకులు రాలెను. అవియు ఇసుకలో పడి, పడిన గుర్తు మిగల్చలేదు.

ఆ మబ్బుల క్రింద, పలాసకు తూర్పున, సముద్రఘోష వినబడునంత దూరములో, నారికేళవన మధ్యమున, రాతికట్టు గోడలును పడమట మెట్లును గలిగిన ఒక నలుచదరపు నేలనూతి గట్టుమీద, తువ్వాలు నడుమునకు బిగించి ఒక మహావీరుడు నిలిచియుండెను. అతని నామధేయము ఢిల్లీశ్వరరావు. ఢిల్లీ ఎట్లుండునో అతడెరుగడు. పలాస, టెక్కలి, సోంపేట, ఉప్పునీరు: ఇవియే అతని భూమండలమునకు నాలుగు ఎల్లలు. ఆ లోపల అతనిదనదగినవి ఒక కొబ్బరితోట, దాని నానుకొని కొంత జీడితోట, ఈ నుయ్యి, నలువది దాటిన వయసు, ముక్తసరి మాట.

భూమి విషయమున అతనికంటె గొప్పవారు ఆ ఊరిలో కలరు. నూతి విషయమున లేరు. ఊరిలోని మగపిల్లలందరి నడుములకు ఎండుకొబ్బరికాయలు జంటగా కట్టి, మెడపట్టి నీటిలోనికి నెట్టి, వారు కెవ్వున కేకలు వేయుచుండగా గట్టుమీద కూర్చుండి చుట్ట కాల్చుకొని, ఈత యను మహావిద్యను ప్రసాదించిన ఆచార్యుడతడే. అట్లు నేర్చినవారిలో అతని భార్య సుభద్రకు తమ్ముడైన లోకనాథ్ ఒకడు. అక్క పెండ్లి నాటికి వాడు నిక్కరు జారిపోవు వయసువాడు.

ఇప్పుడా లోకనాథ్ టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారు. ఆ వేసవిలో విశాఖపట్నము పోయి, అచ్చట నీలిరంగు గచ్చు కొలనులో బటర్‌ఫ్లై యను ఈత నభ్యసించి, బళ్ళు తెరుచులోపల అక్క చేతివంట తిని పోవుదమని వచ్చియుండెను. ఆ ఉదయమున వాడు పడమటి మెట్లనుండి దుమికి, నీటి అడుగున కొంత దూరము పోయి, రెండు చేతులను ఒక్కమారు రెక్కలవలె చాచి లేచి, మరల మునిగి, మరల లేచి, మునుగుట యెప్పుడో లేచుట యెప్పుడో చూచువారికి తెలియకుండ తూర్పు గోడను తాకెను. గట్టుమీద పీచు ఆరబెట్టుచున్న ఆడువారు చేతులాపిరి. ఢిల్లీశ్వరరావు తల్లి రత్నాలమ్మ, నిప్పు నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగుచున్నదల్లా, చుట్ట బయటికి తీసి మరీ చూచెను.

తనకు తెలియని ఈత ఒకటి తన నూతిలో జరుగుట ఆచార్యుడు పుట్టి యెరుగడు. వెంటనే తానును దుమికెను. దుమికి, చూచినట్లే చేసెను. చేతులు లేచినవి. తక్కినదంతయు నూతిలోనే యుండిపోయెను. మూడుమార్లు లేచి మూడుమార్లు మునిగి, ముక్కునిండ నీళ్ళతో, బయలుదేరిన మెట్టుమీదికే తేలి వచ్చెను.

లోకనాథ్ నవ్వెను. నవ్వుటతో ఆగినచో ఈ గాథయే లేదు. "బావా, నీవల్ల కాదులే. నడుం పట్టేత్తాది. కొబ్బరికాయలు కట్టుకొని ఈదుకో" అనెను. పీచు దగ్గరి ఆడువారందరును నవ్విరి.

అప్పుడు ఢిల్లీశ్వరరావు కన్నులు కెంపులై, మీసమునుండి నీరు ధారగా కారుచుండ, కుడిచేయి ఆకాశమున కెత్తి పలికిన ప్రతిజ్ఞ యెట్టిదనగా: "ఓరీ శ్యాలకాధమా! ఏ నూతిలో నీకు నీరనగా నేమో నేర్పితినో ఆ నూతి గట్టుననే నన్ను నవ్వులపాలు చేసితివి గదా! సూర్యచంద్రులు సాక్షిగా, అష్టదిక్పాలకులు సాక్షిగా, నీరు తోడు ఈ ఆయిల్ ఇంజను సాక్షిగా, ఏ రెక్కల యీతను చూచి నీవు విర్రవీగుచున్నావో ఆ యీతతోనే ఈ జలధిని లంఘించెదను! లంఘించు పర్యంతము నీ ప్రక్కన విస్తరి ముందు కూర్చుండను గాక కూర్చుండను!"

ఇది కథ చెప్పువారు చేర్చిన మాట. అతని నోట వచ్చినది ఇంతే: "ఈ నుయ్యి ఆ ఈతతోనే దాటుతాను. దాటేదాక నీతో బంతిలో కూకోను."

అర్థమొకటే గనుక గట్టుమీది నవ్వు టక్కున ఆగెను. ఆ ప్రాంతమున భూమి తగాదా తీరును, మాట తగాదా తీరును. బంతి తగాదా మాత్రము తీరదు. పొలము హద్దు మీద కర్రలతో కొట్టుకొన్నవారు మరునాడు కలసి తినిరా, అది తగాదా క్రిందికే రాదు. కలసి తినబోమని ఒకమారు అనుకొనిరా, అది వంశములకు పాకును. నందిగాములో వీరి చుట్టాలే ఇద్దరన్నదమ్ములు ఒక మేకపిల్ల కొరకు బంతి విడిచిరి. మేక పోయెను, అన్నదమ్ములు పోయిరి. వారి మనుమలు నేటికిని పెండ్లిండ్లలో వేరువేరు వరుసలలో కూర్చుందురు. ఆ మేక ఎవరిదో వారి కిప్పుడు తెలియదు.

ఈ సంగతి అందరికంటె బాగుగ తెలిసినది సుభద్రకు. ఆమెకు తల్లి లేదు, తండ్రి లేడు. పుట్టిల్లనగా లోకనాథ్ ఒక్కడే. వాడు కలసి తినకుండ పోయెనా, మరుసటి వేసవికి రాడు. రెండు వేసవులు రాకపోయెనా, ఇక ఆ దారిలో గడ్డి మొలుచును.

ఆ దినము మొదలు ఆ యింట రెండు బంతులు. తమ్ముడు తిని లేచి చేయి కడుగుకొన్న పిదప భర్తకు. లేదా భర్త ముందు, తమ్ముడు వెనుక. పనసకూర రెండుమార్లు వేడిచేయబడెను. ఆమె స్వయముగ తినునప్పటికి అది పనసయో పెండలమో పోల్చరాకుండ నుండెను. బావను క్షమాపణ అడుగుమని ఆమె తమ్మునితో ననగా వాడు అప్పుడే ఒప్పుకొనెను గాని, ఒట్టు పెట్టినది తాను కాదు గదా, తీసివేయుట తనచేత నెట్లగుననెను. అదియు నిజమే.

ఇక వీరుని తపస్సు వినుడు. అతడు చుట్ట వెలిగించి ఆలోచించెను. ఈ ఈతలో రెండు కాళ్ళు ఒక్కటిగా పోవలెను; రెండు చేతులు ఒక్కటిగా పోవలెను. రెండు కాళ్ళు ఒక్కటిగా పోవు పని అతనికి క్రొత్తయా? పదేండ్ల ప్రాయమునుండి కొబ్బరిచెట్లెక్కుచున్నవాడు. చెట్టెక్కునప్పుడు పాదములు రెంటికిని తగిలించుకొను త్రాటి బందము చూరున వ్రేలాడుచుండెను. దానిని తీసి, దులిపి, నూతికి కొనిపోయి, పాదములకు తగిలించుకొని, కులదైవమును తలచుకొని దుమికెను.

ఇట్లు అతడు నీటి నెక్కసాగెను. అవును, ఎక్కసాగెను, దానికి మరియొక మాట లేదు. మోకాళ్ళు రొమ్మువరకు ముడిచి, బందముతో నీటిని తన్ని, చేతులు ముందుకు చాచి, లేని మ్రానును బిగియార కౌగిలించుకొని, రొమ్ము దగ్గరకు లాగుకొని, పట్టిన పట్టు విడువక మరల మోకాళ్ళు ముడుచును. చెట్టుమీద ఇది పరమధర్మము. చేయి వదలినవాడు కొబ్బరికాయకంటె ముందే నేలకు వచ్చును. ముప్పదియేండ్లుగా అతని భుజములు నేర్చిన వేదమిదియే. నీటికి ఆ వేదము రాదు. మోకాలు ముడిచినంతనే నడుము క్రుంగును, నడుము క్రుంగినంతనే తల లేచును. నూతి నడుమ కనబడని కొబ్బరిచెట్టొకటి మొలిచినదో, దానినెక్కి ఆ మహానుభావుడు కాయలు తరుగుచున్నాడో యనునట్లు, నిలువుగా, ఉన్నచోటనే, ఘోరముగా పోరాడి, నిలువుగానే మునుగును. మునిగి లేచి ఉమియును. నూతిలో నీరు తరిగినది ఎండలవలన మాత్రమే కాదని కొందరనిరి.

రత్నాలమ్మ కొన్ని దినములు చూచి ఊరకుండెను. పిదప ఒక ఉదయమున గట్టుమీద చతికిలబడి, "ఒరే డిల్లీ, నీ బాబు ఈ నూతిలో దిగీవోడు, తానం సేసీవోడు, వచ్చీసీవోడు. సీతాకోకసిలకలాగ ఎగరాలని ఆడికెప్పుడూ అనిపించలేదురా" అనెను. కుమారుని నోటిలో నీళ్ళున్నవి.

ఇంతలో శత్రుపక్షమున ఒక విచిత్రము జరుగుచుండెను. లోకనాథ్ పనసచెట్టు చాటునుండి ఇదంతయు చూచుచుండెను. మొదటి దినము నవ్వుకొనెను. రెండవనాడు నవ్వు రాలేదు. మరునాటికి చూడలేక మొగము త్రిప్పుకొనెను. త్రిప్పుకొని మరల చూచెను. శత్రువు నాశనమగుచుండగా చూచి సంతోషించుట క్షత్రియులకు చెల్లునేమో గాని, చెడ్డ ఈత చూచి నోరు మూసుకొనుట డ్రిల్లు మాస్టారులకు విధి వ్రాయలేదు. తుదకు వాడు చెట్టు చాటు విడిచి, గట్టుమీద బట్టలుతుకుచున్న అక్క ప్రక్కన వచ్చి నిలిచి, బావ వైపు చూడక, కొబ్బరితలల వైపు చూచుచు పలికెను: "అక్కా, ఆయనకి సెప్పు. ముందా తాడు ఇప్పమను."

ఢిల్లీశ్వరరావు వారికి బారెడు దూరమున, మెట్టుమీద, నడుములోతు నీటిలో నిలిచియుండెను. ప్రతి యక్షరమును వినబడెను. ఐనను వైరధర్మమున శత్రువు మాట శత్రువు నోట వినరాదు గనుక, భార్య వైపు చూచి నిరీక్షించెను. సుభద్ర సబ్బు చేతులతో ఇటు తిరిగి, "తాడు ఇప్పమంతన్నాడండీ" అని విన్నవించెను.

"నాకు సెవుడు లేదని నీ తమ్ముడికి సెప్పు" అని అతడు సెలవిచ్చెను. ఐనను వంగి త్రాడు విప్పెను.

ఇట్లు ప్రారంభమైన రాయబారము దినదినప్రవర్ధమానమయ్యెను. ఉదయమున సుభద్ర బట్టలమూటతో నడుమ నిలుచును, ఇటొకడు, అటొకడు. ఉతికినవే మరల ఉతుకబడెను. మోకాలు ముడువరాదని తమ్ముడనును. ముడువరాదట అని ఆమె యనును. మరి కాలెట్లు కదలునని భర్త యడుగును. ఎట్లు కదలునురా యని ఆమె తమ్ముని యడుగును. కాలు కదుపుట కాదు, ముందు తల నీటిలోనికి దిగవలెను, పిదప గుండె దిగవలెను, గుండె దిగినచో నడుము తనంతట తాను లేచును, నడుము దిగునప్పుడు కాళ్ళు రెండును కొరడావలె విదలును: ఇదంతయు వాడు గాలిలో వంకరలు తిరిగి చూపించెను. అక్కుపల్లి తీరమున కెరటము దాటిన పిదప ఎగురు పెద్దచేపను చూడలేదా యనెను. సుభద్ర ఆ ఉపన్యాసమును కొంతసేపు మనసున నానబెట్టి, భర్త వైపు తిరిగి, "సేట సెరిగినట్టంట. ముందు వంచితే ఎనకాల లేత్తాది" అని చెప్పెను. తమ్ముడు తన శిక్షణ నంతటిని ఒక్కసారి తలచుకొని, అంతేననెను.

దానితో యుద్ధగతి మారెను. చేటను చూచుచు పెరిగినవాడు గనుక ఢిల్లీశ్వరరావునకు చేట అర్థమయ్యెను. తల దించెను, గుండె నొక్కెను, నడుము లేచెను. తొలిసారి అతని దేహము నీటిలో అడ్డముగా పడుకొనెను. నీరు మ్రింగకుండ ఒక మునక, ఒక లేవడి. ఊపిరి కొరకు గడ్డము నీటినంటియే యుండవలెనని, పొద్దుపొడుపు చూచువానివలె తలెత్తరాదని మరియొక రాయబారము వచ్చెను. అదియు సాధించెను. మిగిలినది ఒక్కటే: చేతులు. అవి ముందుకు పోవును, నీటిని పట్టును, రొమ్ము వరకు లాగును, అచ్చటనే బిగిసిపోవును. తొడలు దాటి వెనుకకు విసరి వదలిననే గాని మరల రెక్కలై లేవవు. ఢిల్లీశ్వరరావు వదలడు. వదలవలెనని మనసునకు తెలియును, భుజములకు తెలియదు. క్రింద నేల యెంత దూరమో అవి యింకను లెక్క వేయుచునే యున్నవి. రెండు లేవళ్ళకు మూడవది రాకుండ పట్టుకొని మునిగిపోవును.

బళ్ళు తెరుచు దినము దగ్గరపడెను. లోకనాథ్ సంచి సర్దుకొనెను. మరునాటి మధ్యాహ్నపు బస్సుకు పలాస పోయి, అటనుండి టెక్కలి పోవును. ఆ రాత్రి సుభద్ర భర్తకు వడ్డించుచు, ఎన్నడును లేనిది, ఎదుట కూర్చుండెను.

"ఆడు రేపు ఎల్లిపోతన్నాడు" అనెను.

అతడు ముద్ద కలుపుచుండెను.

"ఇలాగ ఎల్లిపోతే మరి రాడు. మీకు మీ ఒట్టుంది, ఆడికి ఆడి ఉజ్జోగం ఉంది. నాకేటుంది?"

అతడు కలిపిన ముద్దను నోట పెట్టుకొనకయే చేయి కడిగెను.

మరునాటి ఉదయమున నూతి గట్టున, చెప్పకయే, జనము చేరెను. పీచు ఆడువారు వచ్చిరి. కాయలు దింప వచ్చినవారు కత్తులు చంకనబెట్టుకొని నిలిచిరి. రత్నాలమ్మ పీట తెచ్చుకొని మరీ వచ్చెను. లోకనాథ్ సంచి భుజమున తగిలించుకొని, పోవువానివలెనే, దక్షిణపు గోడ మీద నిలిచెను. ఇంజను ఆపివేయబడెను. తోటలో కాకి కూడ అరువలేదు.

అంతట ఢిల్లీశ్వరరావు, సంకల్పకఠోరచిత్తుడై, కౌపీనమాత్రకవచుడై, పాచిపట్టిన మెట్టుమీద కాలి బొటనవ్రేళ్ళు ఆనించి, తూర్పు గోడను శత్రుదుర్గమువలె చూచి, గుండెలనిండ గాలి పీల్చి, నూతిగోడలలోని పావురములు లేచి పరారగునట్లు దుమికెను. జలము భళ్ళున విచ్చెను. తల దిగెను, గుండె దిగెను, నడుము లేచెను; బాహుయుగళము గరుత్మంతుని పక్షద్వయమువలె కాకున్నను బెదరిన బాతు రెక్కలవలెనైన నీటిపై లేచెను. ఒకటి. మరల మునిగెను, మరల లేచెను. రెండు. గట్టుమీద ఊపిరులు నిలిచెను. మరల మునిగెను, చేతులు నీటిని పట్టెను, లాగెను, రొమ్ము దగ్గరకు వచ్చెను, వచ్చి నిలిచిపోయెను. ముప్పదియేండ్ల భుజములు పట్టుకొన్నవి. నడుము క్రుంగసాగెను. తల నీటి క్రిందనే యుండెను. సుభద్ర చేతిలోని తడిబట్ట జారి నూతిలో పడెను.

అప్పుడు దక్షిణపు గోడ మీదినుండి, రాయబారి నోటికై ఎదురుచూడక, వైరధర్మమును గాలికి విడిచి, ఒక కేక వినబడెను.

"వదిలీ బావా! సెయ్యి వదిలీ!"

నీటిలో నున్నవానికి మాట వినబడెనో, గొంతే వినబడెనో తెలియదు. చేతులు వదలెను. తొడలు దాటి, వెనుకకు విసరి, నీటినుండి వెడలి, పెద్ద చప్పుడుతో ముందుకు వచ్చి పడెను. మూడు. ఆ విసురు ఎంతటిదనగా, దిక్కు తెలియక, కన్నులు మూసుకొని, కుడిప్రక్కకు తిరిగి, ఎక్కడినుండి కేక వచ్చెనో అటే సాగి, ఇంకొక లేవడి లేచి, రెండు అరచేతులతో గోడను ఢీకొనెను. పట్టుకొని, తల పైకెత్తి, ఉమిసి, కన్నులు తెరచెను.

అది తూర్పు గోడ కాదు. దక్షిణపు గోడ.

కాయలవారిలో ఒకడు దాటుటయనగా తూర్పుకు గదా యని సణిగెను. ప్రక్కవాడు మోచేతితో పొడిచెను. ఢిల్లీశ్వరరావు ఒకమారు తూర్పు గోడ వైపు, ఒకమారు పైకి చూచెను. అతని కన్నులకెదురుగ, బారెడు పైన, బావమరిది చెప్పులున్నవి.

సుభద్ర నడచి వచ్చి తమ్ముని ప్రక్కన నిలిచి, నెమ్మదిగా నడిగెను: "సెప్పరా. దాటినట్టా, కాదా?"

ఈత నేర్పువాడు, కొలతలు తెలిసినవాడు, గచ్చు కొలనులో వ్రేలెడు తేడాకు పిల్లలను మరల ఈదించువాడు లోకనాథ్. వాడు నూతి వైపు చూచెను. అక్క మొగము చూచెను. భుజముమీది సంచి క్రింద పెట్టెను.

"గోడే కదక్కా" అనెను. "దాటినట్టే."

ఇట్లు, చిత్రభాను సంవత్సరమున, ఉద్దాన సీమయందు, సముద్రములను దాటినవారును, పర్వతముల నెత్తినవారును ఎన్నడు తలపెట్టని కార్యము సిద్ధించెను. ఢిల్లీశ్వరరావను నారికేళవనాధీశ్వరుడు, తూర్పునకు బయలుదేరి, దక్షిణపు గోడను, నాలుగు లేవళ్ళలో, గిట్టనివారు మూడున్నర యందురు, సీతాకోకచిలుక యీతతో జయించెను. దుందుభులు మ్రోగలేదు. పుష్పవృష్టి కురియలేదు, ఆ యేట మామూలు వర్షమే ఇంకను కురియలేదు. ఇంజనువాడు ఇంజను వేసెను. జనము పనికి పోయిరి.

మధ్యాహ్నమున వసారాలో అరటాకులు వేసిరి. ఢిల్లీశ్వరరావు గోడకానుకొని కూర్చుండెను. లోకనాథ్ వచ్చి, సంచి మూలన పెట్టి, ప్రక్కన కూర్చుండెను. పనసకూర ఒక్కసారే వేడిచేయబడెను. వీరుని భుజములు పట్టివేసి, చేయి మోచేతివరకే లేచుచుండెను. లోకనాథ్ చూచి, కూరగిన్నెను అతని ఆకు దగ్గరకు జరిపి, మరల తన ఆకు వైపు తిరిగెను. సుభద్ర వడ్డన ముగించి గరిటె పట్టుకొని నిలిచియుండగా, రత్నాలమ్మ లేచి, ఆ గరిటె తీసికొని, కొడుకు ప్రక్కన ఇంకొక ఆకు వేసి, కోడలి భుజముపై చేయి వేసి కూర్చుండబెట్టెను. రోడ్డుమీద మధ్యాహ్నపు బస్సు హారను కొట్టి, కొంతసేపు ఆగి, వెళ్ళిపోయెను. ఎవ్వరును లేవలేదు. ముసలమ్మ వరుసగా అన్నము పెట్టుచు పోయెను; ముగ్గురును తలలు వంచి తినిరి.